దిక్కులు తెలిస్తే దిగులుండదు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో దానికి ఇంకొక మాట కలపాలి... కట్టిన ఇంటిని నలుగురికీ చూపించి చూడు అని! గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు పాయసం తిని చెయ్యి కడుక్కునేలోగా నాలుగు దోషాలు చెప్పి పోతారు. మెట్లు అటు ఉండకూడదంటారొకరు. సంపు ఇటు ఉండాలంటారు ఇంకొకరు. విన్న ఇల్లాలికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

వాస్తు మనకు పాతదే. గౌరు తిరుపతిరెడ్డి గారి పుస్తకాలు తిరగేసిన ఇళ్ళు మన తెలుగునాట కోకొల్లలు. దానికి తోడు 1990ల చివరికొచ్చేసరికి చైనా వాళ్ళ ఫెంగ్‌షుయ్ కూడా వచ్చి చేరింది. మలేషియా రచయిత్రి లిలియన్ టూ పుస్తకాలు మన దేశంలో బాగా అమ్ముడుపోయాయి. ఇప్పుడు నంద్యాలలో గిఫ్టు షాపుకు వెళ్ళి చూడండి. పొట్ట ముందుకేసుకుని నవ్వే బుద్ధుడు, నోట్లో నాణెం పెట్టుకున్న మూడు కాళ్ళ కప్ప, గాజు గ్లాసులో వెదురు మొక్క, గాలికి మోగే గొట్టాల గంటలు... అన్నీ వరుసగా పెట్టి ఉంటాయి. ఇవేనా ఫెంగ్‌షుయ్ అంటే? నాకూ అదే అనుమానం వచ్చింది. అందుకే ఏడాదిగా దాన్ని మొదటి నుంచీ, పాత పద్ధతిలో నేర్చుకుంటున్నాను.

మాది గోస్పాడు. ఆయనకు వరి సేద్యం, నాకు ఇంటిపని, సాయంత్రాలు పిల్లలకు ట్యూషను. జాతకాలు చెప్పే వంశమేమీ కాదు మాది. మరి నాకెందుకీ చదువు అంటారా? మా వదినె కోసం.

వదినె ఇంట్లో జరిగింది

నా పుట్టిల్లు ఆళ్లగడ్డ దగ్గర పల్లె. మా అన్న ఇల్లు కట్టి ఏడేళ్ళయింది. వదినెకు రెండుసార్లు మూడో నెలలోనే గర్భం పోయింది. ఎవరో చెప్పగా ఒక వాస్తు పెద్దాయనను పిలిపించారు. ఆయన ఇల్లంతా తిరిగి, "ఈశాన్యంలో లెట్రిన్ ఉంది, సంతానం యాడ నిలుస్తుంది?" అన్నాడు. అంతే! మర్నాడే మేస్త్రీ వచ్చాడు, పలుగు దిగింది. కొత్తది కట్టడానికి చేతిలో డబ్బు చాలలేదు. పంట వచ్చినాక చూద్దామనుకున్నారు. ఎనిమిది నెలలు మా వదినె చీకటితో లేచి చెంబు పట్టుకుని చేలగట్లకు పోయింది. వానాకాలం కూడా!

తర్వాత ఇంకొకాయన వచ్చాడు. ఇది ఫెంగ్‌షుయ్ తరహా. పడకగదిలో అద్దం తీసేయమన్నాడు, కప్పను గుమ్మం వైపు పెట్టమన్నాడు, ఎర్రదారంతో కట్టిన నాణేలు ఇచ్చి డబ్బు తీసుకుపోయాడు. ఇన్ని చేసినా ఆమెను ఆసుపత్రికి తీసుకుపోదామని ఇంట్లో ఎవరికీ తోచలేదు. చివరికి నేనే పట్టుబట్టి నంద్యాలకు తీసుకొచ్చాను. రక్తపరీక్షలు చేయించిన డాక్టరమ్మ థైరాయిడ్ తక్కువగా ఉందన్నారు. గర్భం నిలవకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చని, ముందు దాన్ని అదుపులో పెడదామని మందులు రాశారు. ఇప్పుడు వాడుతోంది.

"ఆ శాస్త్రాల్లో నిజంగా అట్లనే రాసుందా మే? లెట్రిన్ ఉంటే బిడ్డ నిలవదని?" అని వదినె నన్ను అడిగింది. నాకు తెలియదు. తెలియని దాని మీద అవునని, కాదని ఎట్లా అంటాను? నేర్చుకుందామనుకున్నాను.

గాలి - నీరు

చైనా భాషలో ఫెంగ్ అంటే గాలి. షుయ్ అంటే నీరు. రెండూ కలిపితే ఈ విద్య పేరు. ఇది మొదట ఇళ్ళ కోసం పుట్టింది కూడా కాదట. చనిపోయిన పెద్దలను ఎక్కడ పూడ్చాలి అన్న ఆలోచనలోంచి పెరిగింది. క్రీస్తుశకం 276-324 మధ్య జీవించిన గ్వో పు అనే పండితుడి పేరు మీద ఉన్న సమాధుల గ్రంథాన్ని దీనికి మూలగ్రంథాల్లో ఒకటిగా చెబుతారు. భూమిలో 'చీ' అనే ప్రాణశక్తి పారుతుందని, గాలి విసిరే చోట అది చెదిరిపోతుందని, నీళ్ళ దగ్గర ఆగుతుందని వాళ్ళ నమ్మకం.

కనుక పాత పద్ధతిలో మొదటి పాఠం ఇంటి లోపల కాదు, ఇంటి బయట. వెనక ఆసరాగా కొండ, కుర్చీ చేతుల్లా ఇటూ అటూ గుట్టలు, ముందు ఖాళీ స్థలం, ఆ ముందు నీరు ఉండాలి. చైనాలో ఉత్తరం నుంచి చలిగాలి కోస్తుంది. అందుకని ఉత్తరానికి వీపు పెట్టి, దక్షిణం ఎండకు ముఖం పెట్టి ఇల్లు కట్టుకున్నారు. చలిదేశంలో అది తెలివైన పనే కదా!

ఈ పాఠం చదివి నేను మిద్దె ఎక్కి మా ఊరు చూశాను. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. మధ్యలో నల్లరేగడి మైదానం. ఉత్తరం నుంచి దక్షిణంగా పోయే కుందూనది, కె.సి. కాలువ నీళ్ళు. కొండలున్నది తూర్పున, పడమట. ఉత్తరాన చలిగాలి కోసే బాధే లేదు. మా బాధంతా ఏప్రిల్, మే నెలల ఎండ, ఆ తర్వాత దుమ్ము లేపే పడమటి గాలి. చైనాలో చలికి పనికొచ్చిన సూత్రం మన రాయలసీమ ఎండకు ఎట్లా పనికొస్తుంది?

మా జేజిని అడిగాను, పాతకాలంలో ఇల్లు ఎట్లా చూసుకునేవాళ్ళని. "ఏముందమ్మా, నీళ్ళు నిలవని తావు, పాములు రాని తావు, బాయి దగ్గరుండే తావు" అంది. ఫెంగ్‌షుయ్ మొదటి పాఠం ఆమె నోట్లోనే ఉంది! 2019 సెప్టెంబరులో నంద్యాల ప్రాంతంలో కుందూ, వాగులు పొంగి ఊళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అప్పుడు పల్లంలో ఉన్న ఇళ్ళు మునిగాయి, మెరకన ఉన్నవి నిలిచాయి. ఏ ముఖం ఇల్లు అని నీళ్ళు అడగలేదు.

దిక్సూచి పట్టడం

రెండో పాఠం దిక్కు. షాపుల్లో కప్పలమ్మే పద్ధతికి, పాత పద్ధతికి అసలు తేడా ఇక్కడే ఉంది. అమెరికాలో 1980ల ప్రాంతంలో లిన్ యున్ అనే ఆచార్యుడు ప్రచారం చేసిన పద్ధతిలో దిక్సూచే అక్కరలేదు. గుమ్మాన్ని బట్టి ఇంటిని తొమ్మిది భాగాలు చేసి చెప్పేస్తారు. పాత పద్ధతిలో అలా కుదరదు. లువోపాన్ అనే పళ్ళెంలాంటి దిక్సూచి ఉంటుంది. మధ్యలో సూది, చుట్టూ వలయాలు. దిక్కులు 8 కాదు, 24! ఒక్కొక్కటి 15 డిగ్రీలు. ఒక్క తూర్పులోనే మూడు భాగాలుంటాయి.

సూది చూపే ఉత్తరం, అసలు ఉత్తరం ఒకటి కాదని చైనాలో షెన్ క్వో అనే ఆయన 1088 ప్రాంతంలోనే రాశాడు. మన వైపు ఆ తేడా చాలా స్వల్పం, ఒక డిగ్రీ దరిదాపుల్లో. అంతకంటే పెద్ద తేడా మనం నిలబడే చోటు వల్ల వస్తుంది. ఇనుప గేటు, బీరువా, మోటారు సైకిలు, స్లాబులోని కమ్మీలు... ఇవన్నీ సూదిని లాగుతాయి. నేను మా గుమ్మంలో ఒకసారి, వాకిట్లో ఒకసారి, వీధి మధ్యలో ఒకసారి చూస్తే మూడుసార్లూ వేరువేరు లెక్క వచ్చింది!

దీనికి మందు మన పాత పద్ధతిలోనే దొరికింది. ఆళ్లగడ్డలో దేవుళ్ళ విగ్రహాలు చెక్కే శిల్పులు ఎక్కువ. వాళ్ళలో ఒక పెద్దాయన "సూది ఎందుకమ్మా, సూర్యుడు లేడా?" అని నాకు శంకువు పెట్టడం చూపించాడు. మీరూ చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

చదునుగా అలికిన నేల మీద మూరెడు పుల్లను నిటారుగా నాటాలి. పుల్ల పొడవంత దారం తీసుకుని, పుల్ల చుట్టూ ముగ్గుతో గుండ్రంగా గీత గీయాలి. పొద్దున నీడ పొడుగ్గా గీత దాటి పడమటికి పడుతుంది. అది తగ్గుతూ వచ్చి, నీడ కొన సరిగ్గా గీతను తాకినప్పుడు ఒక చుక్క పెట్టాలి. మధ్యాహ్నం దాటాక నీడ మళ్ళీ పెరిగి, తూర్పు వైపు గీతను తాకుతుంది. అక్కడ ఇంకో చుక్క. రెండు చుక్కలూ కలిపితే అదే తూర్పు-పడమర గీత. దానికి అడ్డంగా గీస్తే ఉత్తరం-దక్షిణం.

నేనిలా గీసి చూస్తే తేలిందేమిటో తెలుసా? తూర్పుముఖం అని అందరూ చెప్పుకునే మా ఇల్లు 102 డిగ్రీల వైపు ఉంది. అంటే అసలు తూర్పుకు 12 డిగ్రీలు ఆగ్నేయంగా వాలి ఉంది. చైనా లెక్కలో 97.5 నుంచి 112.5 వరకు ఉన్న భాగం అది. మా ఇల్లొక్కటే కాదు, వీధి వీధంతా అంతే వాలి ఉంది. బాటను బట్టి ఇళ్ళు కట్టుకున్నారు కానీ, సూదిని బట్టి కాదు మరి!

తొమ్మిది గళ్ళ ముగ్గు

మూడో పాఠం నాకు భలే నచ్చింది. లో షు అని తొమ్మిది గళ్ళ లెక్క. లో నదిలోంచి వచ్చిన తాబేలు వీపు మీద ఈ గుర్తులు కనిపించాయని చైనా కథ. పై వరుసలో 4, 9, 2. మధ్య వరుసలో 3, 5, 7. కింద 8, 1, 6. అడ్డంగా, నిలువుగా, మూలగా ఎటు కూడినా 15.

ఇది ఎక్కడో చూశానే అనుకుని దేవుడి గూట్లో రాగిరేకు తీసి చూశాను. సూర్యయంత్రం! 6, 1, 8 - 7, 5, 3 - 2, 9, 4. అదే లెక్కను తలకిందులుగా తిప్పి చూసినట్టుంది. ఇన్ని వందల మైళ్ళ దూరంలో ఉన్న రెండు దేశాల వాళ్ళు ఒకే లెక్కను పవిత్రంగా దాచుకున్నారు. మా ట్యూషను పిల్లలకు ఇది వేసి చూపిస్తే, ఎక్కాలంటే పారిపోయేవాడు కూడా కూర్చుని కూడాడు.

ఈ గళ్ళ నుంచే ఎవరి సంఖ్య ఎంతో కడతారు. పుట్టిన ఏడాది చివరి రెండు అంకెలను ఒక్క అంకె వచ్చేదాకా కూడాలి. 2000కు ముందు పుట్టిన వాళ్ళయితే, ఆడవాళ్ళు దానికి 5 కలపాలి, మగవాళ్ళు 10 నుంచి తీసేయాలి. నాది 1984. 8, 4 కూడితే 12. 1, 2 కూడితే 3. దానికి 5 కలిపితే 8. ఆయనది 1979. 7, 9 కూడితే 16. 1, 6 కూడితే 7. పది నుంచి తీసేస్తే 3. చైనా ఏడాది ఫిబ్రవరి 4 ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి జనవరిలో పుట్టినవాళ్ళు ముందు ఏడాది లెక్క వేసుకోవాలి.

1, 3, 4, 9 సంఖ్యల వాళ్ళు తూర్పు జట్టు. 2, 6, 7, 8 వాళ్ళు పడమటి జట్టు. ఒక జట్టుకు మంచి దిక్కులు ఇంకో జట్టుకు చెడ్డవట! ఆయన తూర్పు, నేను పడమర. ఇక ఇల్లు ఎవరి లెక్కకు సరిపోవాలి? ఇంటి యజమాని లెక్కకు అంటుంది సంప్రదాయం. మన వాస్తులోనూ అంతే, ఆయం కట్టేది యజమాని నక్షత్రానికి. యజమాని అంటే మగవాడే అని వేరే చెప్పాలా?

మా ఇంట్లో ఆయన పొద్దున ఆరింటికి పొలం పోతే రాత్రి వచ్చి పడుకుంటారు. వంటగదిలో పొగ, పడకగదిలో ఉక్క నా పాలివి. ఈ మాట ఆయనతో అంటే నవ్వి, "అయితే నీ లెక్కకే పెట్టుకో" అన్నారు. అన్నారు గానీ, ఇంటి పట్టా మాత్రం ఆయన పేరునే ఉంది!

కాలాన్ని బట్టి చూసే పద్ధతి ఇంకొకటి ఉంది. 20 ఏళ్ళకొక దశ చొప్పున 9 దశలు, మొత్తం 180 ఏళ్ళు. 2004లో మొదలైన ఎనిమిదో దశ 2024 ఫిబ్రవరిలో ముగిసి తొమ్మిదోది మొదలైంది. దీన్ని చూపించి, నిన్నటిదాకా మంచిదైన ఇల్లు ఇవాళ చెడిపోయిందని భయపెట్టేవాళ్ళూ ఉంటారు. జాగ్రత్త!

రెండు శాస్త్రాలు, ఒక ఈశాన్యం

ఇక వదినె అడిగిన ప్రశ్నకు వస్తాను. మన వాస్తు కూడా చిన్నదేమీ కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇంటి కొలతల గురించి రాశాడు. 81 గళ్ళు, 64 గళ్ళు వేసి దేవతలకు పంచడం అందులోనిదే. మన లెక్కలో ఈశాన్యం పల్లంగా, తేలికగా, నీళ్ళుండే చోటుగా ఉండాలి.

చైనా వాళ్ళ లెక్కలో ఈశాన్యం దేనిదో తెలుసా? కొండది! వాళ్ళ ఎనిమిది గుర్తుల్లో ఆ మూలకు వచ్చేది కొండ, మట్టి. మనకు ఆగ్నేయం అగ్నిదైతే వాళ్ళకు గాలిది, చెట్టుది. మన పంచభూతాలు నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. వాళ్ళ అయిదు చెట్టు, నిప్పు, మట్టి, లోహం, నీరు. మరి వాస్తు ప్రకారం ఈశాన్యం ఖాళీ చేసి, ఆ ఖాళీలో చైనా కప్పను పెడితే అది ఏ శాస్త్రం? నెల్లూరు చేపల పులుసులో నూడుల్సు వేసినట్టు!

ఇంకొక మాట. ఈ గ్రంథాలు రాసిన రోజుల్లో ఇప్పటిలాంటి లెట్రిన్ ఎక్కడిది? సెప్టిక్ ట్యాంకు ఎక్కడిది? వాళ్ళు చూడని దాని మీద ఇప్పటివాళ్ళు తీర్పు చెబుతున్నారంటే, అది గ్రంథం మాట కాదు, చెప్పేవాళ్ళ మాట. మూల మారిస్తే గర్భం నిలుస్తుందని వైద్యశాస్త్రం ఎక్కడా రుజువు చేయలేదు. దిక్కుల వల్ల డబ్బు, సంతానం వస్తాయనడానికి కూడా శాస్త్రీయమైన ఆధారం లేదు. ఏడాది నేర్చుకున్నాక నేను ధైర్యంగా చెప్పగలిగింది ఇదే. వదినెకూ ఇదే చెప్పాను. "అయితే నా తప్పేమీ లేదా?" అందామె. ఏడేళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూసినట్టుంది. అన్న ఈ వేసవిలోనే లెట్రిన్ కట్టించాడు, నీళ్ళ పైపు దగ్గరగా, గాలి వంటింటి వైపు రాకుండా.

మరి నేర్చుకుంటే లాభమేమిటి?

ఇంటిని కళ్ళు తెరిచి చూడటం వచ్చింది. మాది నాపరాళ్ళ మిద్దె. మా మామ హయాంలో గవాక్షి మూసేసి పైన సిమెంటు వేశారు. గాలి ఎటు వస్తుంది, ఎండ ఎక్కడ పడుతుంది అని నెలనెలా గీసుకుంటూ పోతే, వంటగదిలో పగలే లైటు వేసుకోవడానికి కారణం అదేనని తెలిసింది. గవాక్షి తెరిపించి అద్దం పెట్టించాం. పొగ పోవడానికి ఎదురెదురుగా రెండు కిటికీలు వచ్చాయి. పడమటి గోడకు అవతల వేపమొక్క నాటాం. ఇందులో చైనా ఎంత, జేజి ఎంత, నా బుద్ధి ఎంత అంటే చెప్పలేను.

కొత్తగా నేర్చుకోవాలనుకునే అక్కచెల్లెళ్ళకు నాలుగు మాటలు:

* వస్తువులు కొనకండి. ఒక దిక్సూచి, ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు చాలు. పాత పద్ధతిలో కప్పలకు, నవ్వే బుద్ధుడికి పెద్ద పని లేదు.

* ముందు ఇంటి పటం గీయండి. తలుపులు, కిటికీలు, పొయ్యి, మంచాలు, నీళ్ళ తావులు గుర్తించండి. ఆ తర్వాతే దిక్కులు.

* సెల్‌ఫోనులో దిక్సూచి వాడితే అయస్కాంతం ఉన్న కవరు తీసేయండి. ఫోనును గాల్లో 8 అంకెలా తిప్పి సరిచేసుకోండి. మూడు చోట్ల చూడండి. తేడా వస్తే శంకువు పెట్టి చూసుకోండి.

* ఒకేసారి వాస్తు, ఫెంగ్‌షుయ్ కలపకండి. దేని లెక్క దానిదే.

* ఎవరైనా గోడ పగలగొట్టమంటే మూడు ప్రశ్నలు అడగండి. దిక్కు ఎట్లా కొలిచారు? ఏ గ్రంథంలో ఉంది? పగలగొట్టాక నేను ఎక్కడికి పోవాలి? మూడోదానికి జవాబు లేకపోతే పలుగు ముట్టుకోనివ్వకండి.

* ఒంట్లో బాగాలేకపోయినా, గర్భం నిలవకపోయినా మొదట డాక్టరు దగ్గరికి వెళ్ళండి. గోడలు ఎక్కడికీ పోవు, తర్వాత చూసుకోవచ్చు.

చదువు ఏదైనా మనకు ధైర్యమివ్వాలి. భయం పెంచే చదువైతే, అది ఏ దేశం నుంచి వచ్చినా మన గడప లోపలికి రానివ్వనక్కర్లేదు. వచ్చే ఆదివారం పొద్దున, వాకిట్లో ముగ్గు వేసే చోట ఒక పుల్ల నాటి చూడండి. తూర్పు ఎటుందో ఇక మీకు ఇంకొకరు చెప్పాల్సిన పని ఉండదు.